క్రీడాగురువు రహీము

ద్రోణాచార్యుడు శిష్యుల గురిని పరీక్షించిన కథ మన కందరకును తెలిసినదే. చెట్టుకొమ్మపై నున్న పక్షిని చూపి, ఏమి కనబడుచున్నదని ఆయన ఒక్కొక్కరినే అడిగెను. పక్షి తప్ప వేరేమియు కనబడుటలేదని చెప్పినవాడు అర్జునుడొక్కడే. లోకము నేటికిని అర్జునుని గురిని కొనియాడుచున్నది. ఆ గురిని కుదిర్చిన గురువును తలచువారు తక్కువ. విలువిద్యయందైనను, తుపాకి గురిపోటీలయందైనను, బంతియాటయందైనను ఇదియే రీతి. పతకము ఆటగాని మెడలో మెరయును. శిక్షకుడు మైదానపు అంచుననే నిలిచిపోవును. అట్లు అంచున నిలిచి, భారతదేశమునకు ఫుట్‌బాల్ ఆటలో అపూర్వమైన కీర్తిని సంపాదించి పెట్టినవాడు హైదరాబాదు వాసియగు సయ్యద్ అబ్దుల్ రహీము.

రహీము 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదివి పట్టభద్రుడయ్యెను. చదువుకొను దినములలో విశ్వవిద్యాలయపు జట్టులో ఆడి మంచి ఆటగాడని పేరు తెచ్చుకొనెను. పిమ్మట ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించి కాచిగూడ, చాదర్‌ఘాట్ మున్నగు చోట్ల పాఠశాలలలో పనిచేసెను. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, విద్యార్థులకు ఆటలు నేర్పు బాధ్యతను గూడ వహించెను. ఆ తరువాత ఆయన ఎంత గొప్ప పదవినందినను, స్వభావమున బడిపంతులుగానే మిగిలెను. పాఠము ఒకసారికి రానిచో పదిసార్లు చెప్పు ఓర్పు, తప్పు చేసినవానిని దిద్దు పట్టుదల, అందరిని సమముగా చూచు న్యాయబుద్ధి ఆయనయందు నిండుగా నుండెను. ఆటగాండ్రందరును ఆయనను రహీం సాబ్ అని గౌరవముతో పిలుచుచుండిరి.

1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి అయ్యెను. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. అంతవరకు దేశములో ఫుట్‌బాల్ అనగానే కలకత్తా జట్లే తలపునకు వచ్చుచుండెను. హైదరాబాదు పోలీసులు 1950లో డ్యూరాండ్ కప్పు అంతిమ పోటీలో మోహన్ బగాన్ వంటి మేటి జట్టును ఓడించిరి. అది మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకొనిరి. దేశమంతయు హైదరాబాదు వైపు తిరిగి చూచెను.

ఈ విజయముల వెనుక మంత్రతంత్రము లేవియు లేవు. రహీము శిక్షణ పద్ధతియే వాటికి మూలము. మనకు ఒక చేయి వాటముగా నున్నట్లే, ఆటగానికి ఒక కాలు వాటముగా నుండును. బంతి రెండవ కాలివద్దకు వచ్చినపుడు అతడు తడబడును. ప్రత్యర్థి ఆ లోపమును కనిపెట్టి ఆవైపుననే అతనిని అడ్డగించును. దీనికి రహీము చక్కని ఉపాయమును కనిపెట్టెను. వాటములేని కాలితోనే బంతిని తన్నవలెనను నియమముతో ఆయన పోటీలు నడిపించెను. మొదట ఆటగాండ్రు తూలిరి, గురి తప్పిరి. కాని నాళ్లు గడచిన కొలది వారి బలహీనమైన కాలే రెండవ ఆయుధమయ్యెను. బంతిని తనవద్దనే ఉంచుకొని ఒంటరిగా చొచ్చుకుపోవుటను నిషేధించి, వెంటనే తోటివానికి అందింపవలెనను నియమముతో మరికొన్ని పోటీలు జరిపెను. ఒకని నేర్పు కంటె పదునొకండుగురి కూర్పు మిన్నయని ఆటగాండ్రు ఆ విధముగా తెలిసికొనిరి.

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగెను. రహీము తీర్చిదిద్దిన భారత జట్టు అంతిమ పోటీలో ఇరాన్‌ను 1–0 గోలుతో ఓడించి బంగారు పతకము నందెను. అయితే మరుసటి యేడే గర్వభంగమయ్యెను. 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10–1 గోళ్ల తేడాతో ఓడిపోయెను. ఆనాడు మన ఆటగాండ్రలో పలువురు బూట్లు లేకయే ఆడిరి. ఆ చలిదేశమున వట్టి కాళ్లతో వారు నిలువలేకపోయిరి. ఆ ఓటమి తరువాత బూట్లు ధరించి ఆడవలెనను నియమము మన దేశమున ఏర్పడెను. రహీము ఆ అవమానమునకు క్రుంగలేదు. తప్పిన లెక్కను మరల మొదటినుండి చేయించు ఉపాధ్యాయునివలె, ఆయన మరల మైదానమునకు వచ్చెను.

నాలుగేండ్లు గడచెను. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశము అవతరించెను. ఆ నెలలోనే మెల్‌బోర్న్‌లో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమయ్యెను. అచట మన జట్టు ఆతిథేయులగు ఆస్ట్రేలియా వారిని 4–2 గోళ్లతో ఓడించెను. అందులో మూడు గోళ్లు నెవిల్ డిసౌజా చేసినవే. సెమీఫైనలులో యుగోస్లావియాపై మొదటి గోలు మనమే చేసినను, తుదకు 4–1తో ఓటమి తప్పలేదు. భారతదేశము నాలుగవ స్థానమున నిలిచెను. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశము అందుకొనిన అత్యున్నత స్థానము నేటివరకు అదియే. 1960లో రోము ఒలింపిక్ క్రీడలలో మన జట్టు బలవంతులైన ఫ్రాన్సువారితో 1–1గా సమానముగా ఆడెను. ఆ జట్టులో రహీము కుమారుడగు హకీము కూడ ఉండెను. కాని ఒక్క పోటీలోనైనను అతనికి ఆడు అవకాశము లభింపలేదు. తండ్రి శిక్షకుడైనంత మాత్రమున కుమారునికి స్థానము దొరకలేదు.

రహీము జీవితమునకు కిరీటమువంటి ఘట్టము 1962లో జకార్తా నగరమున జరిగిన ఆసియా క్రీడలు. అప్పటికే ఆయన ఆరోగ్యము క్షీణించుచుండెను. మొదటి పోటీలోనే మన జట్టు దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడెను. తరువాత థాయిలాండును గెలిచినను, ఆ పోటీలో జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. పిమ్మట జపానును, సెమీఫైనలులో దక్షిణ వియత్నామును జయించి మనవారు అంతిమ పోటీకి చేరిరి. అక్కడ ఎదురైనది మరల దక్షిణ కొరియాయే.

పరిస్థితులన్నియు ప్రతికూలముగా నుండెను. ఇజ్రాయెలు, తైవాను దేశములను క్రీడలకు రానీయకపోవుటను భారత ప్రతినిధి ఒకరు విమర్శించినందున, జకార్తా ప్రజలు మన దేశముపై ఆగ్రహించియుండిరి. జట్టులో కొందరు గాయపడి యుండిరి. గోలురక్షకుడు పీటర్ తంగరాజు జ్వరపడి లేచెను. పోటీకి ముందునాటి రాత్రి రహీము ఆటగాండ్రను చేరబిలిచి, మరునాడు తనకొక కానుక కావలెననియు, ఆ కానుక బంగారు పతకమే కావలెననియు కోరెను. ఎన్నడును తనకై ఏమియు కోరని గురువు నోట ఆ మాట విని వారి హృదయములు కరగెను.

1962 సెప్టెంబరు 4వ తేదీన సుమారు లక్ష మంది ప్రేక్షకుల కేకల నడుమ ఆట ప్రారంభమయ్యెను. సాధారణముగా రక్షణస్థానమున ఆడు జర్నైల్ సింగును, తలకు గాయమున్నను, రహీము దాడివరుసలో నిలిపెను. కొద్దిసేపటిలోనే పి. కె. బెనర్జీ మొదటి గోలు చేసెను. మరికొన్ని నిమిషములకు జర్నైల్ సింగు రెండవ గోలు చేసెను. చివరలో కొరియావారు ఒక గోలు చేసినను, తంగరాజు గోలును కాపాడి నిలిచెను. భారతదేశము 2–1తో గెలిచెను. గురువు కోరిన కానుకను శిష్యులు సమర్పించిరి.

ఆ కానుకను చూచి ఆనందించు కాలము ఆయనకు ఎక్కువగా మిగులలేదు. ఊపిరితిత్తుల క్యాన్సరు వ్యాధితో రహీము 1963వ సంవత్సరము జూను 11వ తేదీన కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు ఏబదిమూడేండ్లు. శిక్షకులను గౌరవించుటకు ద్రోణాచార్య పురస్కారము 1985లో గాని ఏర్పడలేదు. 1970 ఆసియా క్రీడలలో హైదరాబాదుకు చెందిన నయీముద్దీను నాయకత్వమున మన జట్టు కాంస్య పతకము పొందెను. కాని ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల బంగారు పతకము 1962 తరువాత మనకు మరల లభింపలేదు.

2012లో లండను ఒలింపిక్ క్రీడలలో హైదరాబాదు షూటరు గగన్ నారంగ్ రైఫిల్ గురిపోటీలో కాంస్య పతకము నందినపుడు దేశమంతయు హర్షించెను. గెలిచిననాడు హర్షించుట సులభమే. 10–1తో ఓడిననాడు ఆటగాని ప్రక్కన నిలిచి, అతని బలహీనమైన కాలికి బలము చేకూర్చుటయే కష్టమైన పని. రహీము జీవితమంతయు ఆ పనియే చేసెను. మన ఊరి మైదానమున నేడు ఓడిపోయి తలవంచుకొని వచ్చు బాలునికి మనము చెప్పు ఒక మంచిమాట, రేపటి పతకమునకు మొదటి మెట్టు కావచ్చును.