మిశ్రమ కణితుల మర్మమెరిగిన వైద్యుడు

తల్లి గర్భంలో పిండం రూపుదిద్దుకొనే తొలిదశలో కణాలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. క్రమంగా కొన్ని కండరాలుగా, కొన్ని ఎముకలుగా, మరికొన్ని గ్రంథులుగా పరిణమిస్తాయి. ఇటువంటి భిన్న కణజాలాలు ఒకే కణితిలో కలగలిసి కనిపిస్తే దానిని ఏ వర్గంలో చేర్చాలి? పందొమ్మిదవ శతాబ్దపు వైద్యలోకాన్ని కలవరపెట్టిన ఈ ప్రశ్నకు సమాధానం అన్వేషించిన మేధావి మాక్స్ విల్మ్స్.

ఆయన 1867 నవంబరు 5వ తేదీన జర్మనీలోని ఆఖెన్ నగర సమీపంలో జన్మించారు. 1890లో బాన్ విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టం పొందారు. మొదట రోగనిదాన శాస్త్రంలో కృషి చేసి, పిదప లైప్‌జిగ్ నగరంలో సుప్రసిద్ధ శస్త్రవైద్యుడైన ట్రెండెలెన్‌బుర్గ్ వద్ద సహాయకులుగా చేరారు. ఆ విధంగా సూక్ష్మదర్శినిలోను, శస్త్రచికిత్సలోను సమానమైన నైపుణ్యం ఆయనకు అలవడింది.

పసిపిల్లల మూత్రపిండాలలో అరుదుగా ఒక కణితి పుడుతుంది. దానిలో కండర తంతువులను చూసినవారు ఒక పేరు, గ్రంథులవంటి నిర్మాణాలను చూసినవారు మరొక పేరు పెట్టేవారు. ఒకే వ్యాధి పలు వ్యాధులుగా చెలామణి అయ్యేది. విల్మ్స్ తాము పరీక్షించిన కణితులను పూర్వుల వర్ణనలతో సరిపోల్చి, 1899లో ఒక గ్రంథం వెలువరించారు. మూత్రపిండంలో సహజంగా ఉండని కండరం అక్కడికి ఎలా వచ్చిందని ఆయన ప్రశ్నించుకొన్నారు. పిండదశలో పరిణతి చెందక మిగిలిన కణాలే పలు రూపాలు దాల్చాయని, కనుక ఇవన్నీ ఒకే వ్యాధి అని నిరూపించ యత్నించారు. మూత్రపిండంగా రూపొందవలసిన లేత కణజాలమే దీనికి మూలమని తరువాతి శాస్త్రజ్ఞులు ఆ భావనను సవరించారు. అయినా ఆ కణితికి విల్మ్స్ పేరే స్థిరపడింది.

ఆ రోజులలో ఈ వ్యాధి సోకిన పిల్లలలో బతికి బయటపడేవారు బహు కొద్దిమంది. నేడు శస్త్రచికిత్సతో పాటు ఔషధాలు, అవసరమైన చోట కిరణచికిత్స తోడై, మంచి వైద్యవసతులున్న దేశాలలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది జీవిస్తున్నారు. వ్యాధిని సరిగా గుర్తించడమే ఈ విజయానికి తొలిమెట్టు.

విల్మ్స్ 1907లో బాసెల్‌లోను, 1910లో హైడెల్‌బర్గ్‌లోను ఆచార్యపదవి అలంకరించారు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో, 1918లో, డిఫ్తీరియాతో ఊపిరాడక తల్లడిల్లుతున్న ఒక ఫ్రెంచి యుద్ధఖైదీకి ఆయన కంఠంలో శస్త్రచికిత్స చేశారు. ఖైదీ బతికాడు. కాని అదే వ్యాధి వైద్యునికి సోకింది. మే 14వ తేదీన, యాభై ఏళ్ల వయస్సులో ఆయన కన్నుమూశారు. భిన్న రూపాల వెనుక ఏకమూలాన్ని దర్శించిన ఆ వైద్యుడు, శత్రుసైనికునిలోనూ సాటి మనిషినే చూశారు.