పావులూరి మల్లన

పావులూరి మల్లన 11-12 శతాబ్దాల కాలానికి చెందిన తెలుగు కవి, గణితవేత్త. తెలుగులో తొలి గణిత గ్రంథంగా పేరొందిన 'సార సంగ్రహ గణితము' ఇతని రచన. ఇది 'పావులూరి గణితము' అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. ఇరవై అంకెలు గల ఒక సంఖ్యను ఒక్క పద్యంలో ఇమిడ్చిన కవిగా కూడా మల్లన ప్రసిద్ధుడు.

జీవిత విశేషాలు

ఇతని ఇంటిపేరు కమ్మనాటిలోని పావులూరు గ్రామం వలన వచ్చింది. ఈ గ్రామం ప్రస్తుతం బాపట్ల జిల్లాలో ఉంది. వేంగీ చాళుక్య ప్రభువు రాజరాజ నరేంద్రుడు మల్లనకు పిఠాపురం సమీపంలోని నవఖండవాడను అగ్రహారంగా ఇచ్చాడని ప్రతీతి. అయితే మల్లన పేరుతో ఇద్దరున్నారని, అగ్రహారం పొందినవాడు తాత అని, గణితం రచించినవాడు మనుమడని కొందరు పరిశోధకుల అభిప్రాయం. అందువలన కవి కాలం విషయంలో ఏకాభిప్రాయం లేదు.

గణిత రచన

రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దంలో, జైన గణితవేత్త మహావీరాచార్యుడు సంస్కృతంలో 'గణితసార సంగ్రహం' రచించాడు. మల్లన దానిని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మూలంలోని జైన ప్రస్తావనలకు బదులు శివపరమైన వాటిని చేర్చాడు.

చదరంగపు సంఖ్య

చదరంగపు బల్లలో 64 గళ్ళు ఉంటాయి. మొదటి గడిలో 1, రెండవ గడిలో 2, మూడవ గడిలో 4 చొప్పున రెట్టింపు చేస్తూ పోతే మొత్తం ఎంత అనేది సమస్య. చివరి గడి సంఖ్యను రెట్టించి 1 తీసివేస్తే మొత్తం వస్తుంది. అది 18446744073709551615. పావులూరి గణితంలోనిదిగా ప్రసిద్ధమైన ఒక చంపకమాల పద్యం ఈ సంఖ్యను తెలుపుతుంది. ఇందులో అంకెలకు బదులు వస్తువుల పేర్లు వాడబడ్డాయి. చంద్రుడు 1, వేదాలు 4, బాణాలు 5, గగనం 0. ఒకట్ల స్థానం నుండి ఎడమకు వ్రాసుకుంటూ పోవాలి.

ఈ సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం. అంకెల మొత్తం 87 కనుక 3తో భాగించబడుతుందని విద్యార్థులు సులభంగా సరిచూడవచ్చు. వీటిలో 641, 6700417ల లబ్ధం 4294967297. ఈ కారణాంకాలను 1732లో ఆయిలర్ కనుగొన్నాడు. ఈనాటి కంప్యూటర్లలో 64 బిట్లతో వ్రాయగల అతి పెద్ద పూర్ణ సంఖ్య కూడా ఇదే. సుమారు సా.శ. 1000లో అల్ బిరూనీ కూడా ఇదే ఫలితాన్ని తన గ్రంథంలో ఇచ్చాడు.

ప్రాముఖ్యత

తాటాకులపై నకలు తీసేటప్పుడు ఒక అంకె జారిపోతే గుర్తించడం కష్టం. పద్యంలో ఒక మాట జారిపోతే ఛందస్సు చెడి తప్పు తెలిసిపోతుంది. కవి ఎవరన్న విషయంలో సందేహాలు మిగిలినా, ఈ సంఖ్య మాత్రం చివరి అంకె వరకు చెక్కుచెదరకుండా మనకు చేరింది.