గీత దాటిన నీలం



బొమ్మకు రంగు వేసేటప్పుడు గీత దాటకూడదని పెద్దలు మీకు చెప్పే ఉంటారు. అయితే కావాలనే రంగును గీత దాటించి, చూసేవారి మనసుకు హాయిని పంచిన గొప్ప చిత్రకారుడు ఒకాయన ఉండేవాడు. ఆయన పేరు రౌల్ డ్యూఫీ. ఆయన చిత్రాలలో సముద్రం ఎప్పుడూ నీలంగా నవ్వుతూ ఉంటుంది. ఆ నవ్వు వెనుక ఎంత ఓర్పు దాగి ఉన్నదో తెలుసుకుందాం రండి.

డ్యూఫీ 1877 జూన్ 3న ఫ్రాన్స్ దేశపు ఉత్తర తీరంలోని లె హావ్ర్ అనే రేవు పట్టణంలో జన్మించాడు. ఆ ఇంట తొమ్మిదిమంది పిల్లలు. సంగీతానికి కొదవ లేదు గాని, ధనానికి కొరత ఉండేది. అందువల్ల ఆయన 14వ ఏట బడి మాని, కాఫీ గింజలు దిగుమతి చేసే సంస్థలో పనికి కుదిరాడు. ఓడలు, తెరచాపలు, రెపరెపలాడే జెండాలు నిత్యం ఆయన కళ్లముందు కదిలేవి. చిత్రకళపై మక్కువతో 1895 నుండి సాయంకాలపు తరగతులకు వెళ్లాడు. పగలు పని, సాయంత్రం చదువు! ఆ శ్రమ ఫలించింది. 1900లో పట్టణంవారు ఇచ్చిన విద్యార్థి వేతనంతో పారిస్‌లోని ప్రసిద్ధ కళాశాలలో చేరాడు.

1905లో హెన్రీ మతీస్ గీసిన సముద్రతీర చిత్రం ఒకటి ఆయన కంటబడింది. ఉన్నది ఉన్నట్టు చూపడమే కాదు, రంగులతో ఆనందాన్ని కూడా చెప్పవచ్చునని ఆయన గ్రహించాడు.

ఎర్ర గౌను తొడుక్కున్న పాప మీ ముందునుండి పరుగెత్తిందనుకోండి. పాప రూపం మీకు సరిగా గుర్తుండకపోవచ్చు. ఆ ఎరుపు మాత్రం కాసేపు కంటిలో నిలుస్తుంది. రంగు ఆకారాన్ని దాటి నిలుస్తుందని డ్యూఫీ నమ్మాడు. అందుకే రంగులను విశాలంగా పరచి, వాటిపై చురుకైన గీతలు గీసేవాడు. నీస్ నగరపు నీలి సముద్రం, తీరంలోని తాళవృక్షాలు, పడవ పందేలు ఆయన కుంచెలో ఒదిగిపోయాయి. పట్టువస్త్రాలకు కూడా ఆయన ఎన్నో అందమైన నమూనాలు గీసి ఇచ్చాడు.

1937లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కొరకు విద్యుత్తు కథను చిత్రించాడు. దాని ఎత్తు 10 మీటర్లు, పొడవు 60 మీటర్లు! 250 పలకలను జోడించిన ఆ చిత్రంలో వందకు పైగా శాస్త్రజ్ఞులు, మేధావులు కనిపిస్తారు.

అటుపిమ్మట కష్టకాలం వచ్చింది. కీళ్లవాతం ఆయన చేతులను పట్టుకున్నది. వేళ్లు వంగక, కుంచెను చేతికి కట్టుకొని చిత్రించవలసి వచ్చింది. అయినా ఆయన సముద్రపు నీలం మసకబారలేదు. తన బాధను ఆయన చిత్రాలలోకి రానివ్వలేదు.

1950లో ఆయన మనం నివసించే ఈ అమెరికాకే వచ్చాడు. బోస్టన్ నగరంలో వైద్యులు కార్టిజోన్ అనే కొత్త మందుతో చికిత్స చేయగా, వేళ్లకు మళ్లీ చలనం వచ్చింది. ఆ కృతజ్ఞతతో తరువాతి చిత్రాలలో కొన్నింటిని ఇక్కడి వైద్యులకు, పరిశోధకులకు అంకితమిచ్చాడు. 1952లో వెనిస్ కళాప్రదర్శనలో చిత్రకళకు మహాబహుమతి పొందాడు. 1953 మార్చి 23న కన్నుమూశాడు. తాను ప్రేమించిన నీస్ నగరంలోనే ఆయన సమాధి ఉన్నది.

మిత్రులారా! నీస్ తీరానికి తెరిచిన కిటికీని ఆయన 1928లో చిత్రించాడు. ఆ చిత్రం షికాగోలోని కళాసంగ్రహాలయంలో ఉన్నది. ఎప్పుడైనా అక్కడికి వెళితే ఆ కిటికీ ముందు కాసేపు నిలబడండి. ఆవలనున్న నీలిరంగును తనివితీరా చూడండి. ఇంటికి వచ్చాక మీకు తెలిసిన సముద్రాన్నో, చెరువునో గీయండి. రంగు కొంచెం గీత దాటినా భయపడకండి.