పిల్లల పరీక్ష కాగితం కోసం పండితులతో పోరాడిన గురజాడ

సత్తుపల్లి: ఉన్నత పాఠశాలలో తెలుగు వాచకం అంటే కొన్ని పద్యాలు, ఒకటి రెండు గేయాలు, ఒక నాటక ఘట్టం, రెండు మూడు కథలు. నాటకం, గేయం, కథ అనే ఈ మూడింటిలోనూ కొత్త కాలానికి దారి వేసిన వారెవరని అడిగితే చెప్పవలసిన పేరు ఒక్కటే. ఆయన గురజాడ అప్పారావు. నాటకానికి కన్యాశుల్కం, గేయానికి ముత్యాల సరాలు, కథకు దిద్దుబాటు. ఇంతవరకు పదో తరగతి దాటిన వారికి తెలిసిన సంగతే. కాని ఆయన స్వయంగా బడిపంతులని, చివరి రోజుల్లో పిల్లలు పరీక్షలో ఏ తెలుగు రాయాలి అనే విషయమై మహా పండితులతో తలపడి, ఆ పోరులో ఓడిపోయి కన్నుమూశారని తెలిసిన వారు తక్కువ.

గురజాడ వెంకట అప్పారావు 1862 సెప్టెంబరు 21న నాటి విశాఖపట్నం జిల్లా యలమంచిలి తాలూకా రాయవరంలో మేనమామ గారింట జన్మించారు. తండ్రి వెంకట రామదాసు, తల్లి కౌసల్యమ్మ. తండ్రి విజయనగర సంస్థానంలో ఉద్యోగి. పిల్లవాని తొలి చదువు చీపురుపల్లిలో సాగింది. తర్వాత విజయనగరం చేరారు. చేతిలో డబ్బు లేని ఆ కుర్రవానికి మహారాజా కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి తమ ఇంట బస, భోజనం ఏర్పాటు చేసి చదివించారు. వారాలు చేసుకొని, ఎవరి అరుగు మీదో పడుకొని చదువుకున్న రోజులవి. ఒక పెద్దమనిషి చేయి అందించకపోతే ఈ కథ అక్కడితోనే ముగిసేది.

1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఏ. పూర్తి చేశారు. ఆ 1884లోనే మహారాజా ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయునిగా చేరారు. జీతం నెలకు 25 రూపాయలు. మరుసటి ఏడు అప్పల నరసమ్మతో వివాహం, ఆ మరుసటి ఏడు బి.ఏ. పట్టా. కొంతకాలం డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్ గుమాస్తాగా పనిచేసినా అక్కడ నిలవలేదు. 1887లో నూరు రూపాయల జీతం మీద కళాశాలలో అధ్యాపకునిగా వచ్చారు. ఇంగ్లీషు వ్యాకరణం, సంస్కృత సాహిత్యం, గ్రీకు, రోము దేశాల చరిత్ర బోధించేవారు.

ఆయన తొలి రచనలు తెలుగులో కావు, ఇంగ్లీషులో. 1883లో సారంగధర కథను ఇంగ్లీషు పద్యంగా రాసి ప్రకటించారు. కలకత్తాలో పత్రిక నడుపుతున్న శంభుచంద్ర ముఖర్జీ ఆ పద్యం చూసి మెచ్చుకొని తమ పత్రికలోనూ వేశారు. అయితే పరాయి భాషలో ఎంత బాగా రాసినా పేరు దక్కడం కష్టమని, సొంత భాషలో రాయమని హితవు చెప్పారు. ఒక బెంగాలీ పెద్దమనిషి చెప్పిన మాట తెలుగువారికి మేలు చేసింది.

మూడు వందల యాభై రూపాయల పసిపిల్లలు

ఆ రోజుల్లో విశాఖ మండలంలో ఒక దురాచారం ఉండేది. కొన్ని బ్రాహ్మణ కుటుంబాలలో ఆడపిల్లను ముసలివానికి కట్టబెట్టి, పిల్ల తండ్రి సొమ్ము పుచ్చుకునేవాడు. దానినే కన్యాశుల్కం అనేవారు. నేడు మనం ఎరిగిన కట్నానికి ఇది తలకిందులు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి దీనిపై లెక్కలు తీయించారు. మూడేళ్ల కాలంలో ఇటువంటి పెళ్లిళ్లు 1034 తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వారు 44, మూడేళ్ల వారు 36, రెండేళ్ల వారు ఆరుగురు. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు. ఆ పసికందుల ధర 350 నుండి 400 రూపాయల వరకు పలికింది. పంతులుగారి తొలి జీతంతో పోల్చి చూస్తే ఏడాదికి పైబడిన జీతం ఒక పసిపిల్ల ఖరీదు. ముసలి మొగుడు పోయాక ఆ పిల్ల బతుకంతా విధవగా వంటింటి మూల గడవాలి.

ఈ లెక్కలు చూసిన కడుపు మంటలోంచి కన్యాశుల్కం నాటకం పుట్టింది. 1892లో విజయనగరంలో దానిని తొలిసారి ప్రదర్శించారు. 1897లో పుస్తకంగా వచ్చింది. ఆ ఏడే ఆనంద గజపతి మరణించారు. అటుపిమ్మట అప్పారావుగారు మహారాజు సోదరి రీవా మహారాణికి కార్యదర్శిగా కుదిరి, సంస్థానం వారసత్వ వ్యాజ్యాల పనిలో ఏళ్ల తరబడి మునిగిపోయారు. ఆరోగ్యం కూడా అంతంత మాత్రమే. అయినా పాత నాటకాన్ని వదలక, చాలావరకు తిరగరాసి 1909లో కొత్త కూర్పు తెచ్చారు. నేడు అందరూ చదివేది ఈ ఏడంకాల నాటకాన్నే. మొత్తం ఆడితే చాలా సేపు పడుతుంది. అందుకే నాటక సమాజాల వారు కత్తిరించి ఆడతారు.

ఈ నాటకాన్ని పెళ్లి వ్యవహారంగానే చాలామంది తలుస్తారు. నిజానికి ఇది చదువు కథ కూడా. వెంకటేశం అనే కుర్రవాడు పట్నంలో ఇంగ్లీషు చదువుకు పోయి పరీక్ష తప్పుతాడు. వాడికి గురువు గిరీశం. నాలుగు ఇంగ్లీషు ముక్కలు, నోటినిండా గొప్పలు తప్ప మరేమీ లేని మనిషి. అప్పులవాళ్ల బాధ పడలేక, సెలవుల్లో పాఠం చెబుతానన్న నెపంతో శిష్యుని వెంట పల్లెకు చేరతాడు. తండ్రి అగ్నిహోత్రావధానులుకు ఇంగ్లీషు రాదు గనుక కొడుకుకు ఏమి వచ్చిందో తెలియదు. కొడుకు చదువు మీద కొండంత ఆశ పెట్టుకున్న తల్లి, మరోవైపు చిన్న కూతురు సుబ్బిని లుబ్ధావధానులనే ముసలివానికి అమ్మడానికి సిద్ధపడిన తండ్రి. ఆ పెళ్లి తప్పించడానికి మేనమామ కరటక శాస్త్రి తన శిష్యునికే ఆడవేషం వేసి ముసలివానికి కట్టబెడతాడు. సెలవులకు ఇంటికొచ్చిన కొడుకును ఏదైనా ఇంగ్లీషులో మాట్లాడమని అడిగి, అర్థం కాకపోయినా మురిసిపోయే తండ్రులు మన పల్లెల్లోనూ ఉన్నారు. వారికి ఈ నాటకం విడమరచి చెప్పనక్కరలేదు.

మరో విశేషం, ఇందులో ఎవరి మాట వారిదే. పూజారి మాట వేరు, పోలీసు మాట వేరు, నౌకరు మాట వేరు. మధురవాణి అనే వేశ్య మాట్లాడే తెలుగు అందరి తెలుగు కంటె తేట. అంతకుముందు నాటకాల్లో చాలావరకు పాత్రలు పుస్తకం చదివినట్లు మాట్లాడేవి. 1955లో ఈ నాటకం సినిమాగా వచ్చినప్పుడు ఎన్.టి. రామారావు గిరీశంగా, సావిత్రి మధురవాణిగా నటించారు. చదువురాని వారికి కూడా గిరీశం పేరు తెలిసింది అప్పుడే. గురజాడ రాసిన పూర్ణమ్మ కథను కూడా అందులో పాటగా పెట్టారు. అదీ ముసలివానికి అమ్ముడుపోయిన పిల్ల కథే. నాటకంలో మేనమామ ఉపాయం పన్ని కాపాడాడు. పూర్ణమ్మకు అటువంటి మేనమామ లేడు. అత్తవారింటికి పయనమయ్యే ముందు అందరి వద్ద సెలవు తీసుకొని, రోజూ పూలు కోసి కొలిచిన దుర్గ గుడి దగ్గరి కొలనులో కలిసిపోతుంది.

1910లో ఆయన ముత్యాల సరాలు ప్రకటించారు. పాత పద్యాల గణాలు, యతిప్రాసలు తెలియని వారు కూడా పాడుకోదగిన నడక అది. ఆ ఫిబ్రవరిలోనే ఆంధ్రభారతి పత్రికలో దిద్దుబాటు కథ అచ్చయింది. పాటకచ్చేరీలు మరిగిన భర్తను చదువుకున్న భార్య కమలిని ఒక్క ఉత్తరం ముక్కతో దారికి తేవడం ఇందులోని కథ. దీనికంటె ముందే భండారు అచ్చమాంబ వంటివారు కథలు రాశారని పరిశోధకులు చెబుతున్నారు. అది నిజమే. అయినా వాడుక మాటల్లో కొత్త తీరు కథకు దిద్దుబాటే ఒరవడి అయింది. మనిషిని ప్రేమించడమే దేశభక్తి అని చెప్పే ఆయన గేయం పిల్లలకు నోటికి వచ్చినదే గనుక దాని గురించి వేరుగా రాయవలసిన పని లేదు.

పరీక్ష కాగితం తగవు

ఇక అసలు పోరాటం. ఆనాడు బడిలో పిల్లవాడు వ్యాసం రాయాలంటే గ్రాంథికంలోనే రాయాలి. నాన్న పొలానికి వెళ్ళాడు అంటే తప్పు. తండ్రి పొలమునకు ఏగెను అంటే ఒప్పు. నోటితో పలకని అరసున్నా ఎక్కడ పెట్టాలో, బండి ర ఎక్కడ రాయాలో కంఠస్థం చేయాలి. పండితుల ఇంట పుట్టిన పిల్లవానికి ఇది చెవిన పడే భాష. కాపు బిడ్డకు, కుమ్మరి బిడ్డకు ఇది ఇంగ్లీషు వంటి మరో పరాయి భాష. తన తల్లి భాషలోనే వాడు పరీక్ష తప్పేవాడు.

పాఠం చెప్పిన మనిషి గనుక అప్పారావుగారికి ఈ బాధ తెలుసు. విజయనగరం బడిలో ఆయనతో చదువుకున్న స్నేహితుడు గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. ఈ రామమూర్తి అక్కడి అడవుల్లోని సవరల భాష నేర్చుకొని, వారి పిల్లలకు వారి భాషలోనే పుస్తకాలు రాసి బడులు పెట్టిన మనిషి. ఇంట కోయ మాట, బడిలో తెలుగు మాట మధ్య నలిగే పిల్లలను చూస్తున్న మన అడవి అంచు ఊళ్లవారికి ఆ పని విలువ ఏమిటో తెలుస్తుంది. ఈ ఇద్దరికీ విశాఖపట్నం కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పాఠశాలల తనిఖీ అధికారి యేట్స్ దొర తోడయ్యారు. చదువుకున్నవారు నిత్యం మాట్లాడే తెలుగులో పిల్లలు రాస్తే ఒప్పుకోవాలన్నది వారి కోరిక. స్కూలు ఫైనలు పరీక్షలో ఏ తీరున రాసినా సరేనని తొలుత అనుమతి కూడా లభించింది.

దానిపై పండిత లోకం మండిపడింది. జయంతి రామయ్య పంతులు నాయకత్వాన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలు జరిపి, మహజర్లు పంపింది. వారు చెడ్డవారు కారు. పామర భాష వస్తే నన్నయ తిక్కనలను చదివే తరం ఉండదని వారి భయం. మద్రాసు విశ్వవిద్యాలయం ఒక సంఘం వేసింది. అందులో గ్రాంథిక వాదులదే పైచేయి. విశ్వవిద్యాలయ పాఠ్య సంఘంలో 1911 నుండి సభ్యులుగా ఉన్న అప్పారావుగారు ఆ నిర్ణయంతో ఏకీభవించలేదు. 1914లో తమ అసమ్మతిని ఇంగ్లీషులో పుస్తకమంత నివేదికగా రాసి సమర్పించారు. పాత శాసనాలు మొదలు బడిలోని అనుభవం వరకు సాక్ష్యం చూపి, పండితులు శుద్ధమనుకునే గ్రాంథికం వారి చేతుల్లోనే తప్పుల తడకగా ఉందని నిరూపించారు. పాత కావ్యాలు చదవవద్దని ఆయన అనలేదు. చదవడం వేరు, ఆ భాషలో రాయమని పిల్లలను శిక్షించడం వేరు అన్నదే ఆయన వాదం.

నివేదిక పండితులను కదిలించలేదు. ఇచ్చిన అనుమతిని ప్రభుత్వం ఉపసంహరించుకున్నది. 1915 నవంబరు 30న విజయనగరంలో అప్పారావుగారు తుదిశ్వాస విడిచారు. అప్పటికి వయస్సు 53 ఏళ్లు. తాను గెలిచిన రోజు ఆయన చూడలేదు. పోరు భారమంతా గిడుగు మీద పడింది. 1919లో ఆయన తెలుగు అనే పత్రిక పెట్టి, ఊరూరా తిరిగి సభలు చేసి, 1940లో మరణించేదాకా విశ్రమించలేదు. పాఠ్య పుస్తకాల్లోకి వాడుక భాష పూర్తిగా రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది.

సత్తుపల్లికి చేరిన దారి

మద్రాసులో ఈ తగవు సాగుతున్నప్పుడు మన ప్రాంతం పరిస్థితి విచిత్రం. భద్రాచలం తాలూకా గోదావరి ఏజెన్సీలో భాగంగా మద్రాసు ప్రభుత్వం కింద ఉండేది. ఇటు తిరువూరు కూడా అంతే. నడుమ సత్తుపల్లి నిజాం రాజ్యంలో ఉండేది. అంటే గురజాడ వాదించిన పరీక్ష కాగితం గోదావరి దాటితే ఒక లెక్క, ఇవతల మరో లెక్క. అక్కడి పిల్లలకు ఏ తెలుగు రాయాలన్న తగవైతే, ఇక్కడి వారికి అసలు తెలుగులో చదువు ఉంటుందా అన్నది తగవు. నిజాం ఏలుబడిలో ఉన్నత పాఠశాల చదువంతా ఉర్దూలోనే. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూలోనే బోధించింది. 1925లో పుట్టిన మహాకవి దాశరథి ఖమ్మం బడిలో ఉర్దూలోనే పాఠాలు విన్నారు.

అందుచేత ఈ వైపు తెలుగు పుస్తకం బడి ద్వారా గాక, గ్రంథాలయాల ద్వారా, సరిహద్దు దాటి వచ్చే పత్రికల ద్వారా పల్లెలకు చేరింది. 1934లో ఖమ్మంలో ఆంధ్ర మహాసభ జరిగింది. మాతృభాషలో విద్య కావాలన్నది ఆ ఉద్యమం కోర్కెల్లో ఒకటి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాం పాలన ముగిసిన మీదట గాని ఆ కోర్కె నెరవేరలేదు. 1953లో వరంగల్లు నుండి విడదీసి ఖమ్మం జిల్లా ఏర్పాటు చేశారు. 1959లో భద్రాచలాన్ని తూర్పు గోదావరి నుండి తెచ్చి ఇందులో కలిపారు. గోదావరికి ఆవల ఇవతల పిల్లలు ఆ తర్వాత చాలా ఏళ్లు ఒకే జిల్లాలో, ఒకే తెలుగు వాచకం చదివారు. గురజాడ నివసించిన విజయనగరంలోని ఇల్లు స్మారక భవనంగా ఉంది. ఆయన వాడిన వస్తువులు, పుస్తకాలు అక్కడ చూడవచ్చు.