భావి గురువులను తీర్చిన గురుమూర్తి – హానగల్లు శ్రీ కుమార శివయోగులు

పూర్వచరిత్రను మనము రెండు విధములుగా స్మరింపవచ్చును. పూర్వుల ఘనతను తలచి ఆనందించుట మొదటిది. వారికి కష్టము వాటిల్లుటకు కారణమేమి, ఆ కష్టమునుండి ధర్మము గట్టెక్కిన మార్గమేది యని విచారించి రేపటికి సన్నద్ధులగుట రెండవది. మొదటిది సులభము. రెండవది నాయకుల కర్తవ్యము. ఆ కర్తవ్యమునకు తమ జీవితమును ధారవోసిన మహనీయులు హానగల్లు విరక్తమఠాధిపతులు శ్రీ కుమార స్వాములవారు.

స్వామివారు 1867వ సంవత్సరమున కన్నడ దేశమందు, నేటి హావేరి జిల్లాలోని జోయిసరహరళహళ్ళి యను చిన్న గ్రామమున పేద జంగమ కుటుంబమున జన్మించిరి. పూర్వాశ్రమమున వారి పేరు హాలయ్య. భిక్షాన్నముతో కడుపు నింపుకొనుచు విద్యాభ్యాసము సాగించిరి. పిదప ఎళందూరు బసవలింగ స్వాములవారి నాశ్రయించి, వారి సేవలో శివయోగ సాధన గావించిరి. కాలక్రమమున హానగల్లు విరక్తమఠ పీఠము వారిని వరించెను. పీఠము లభించినంతనే తమ సాధన ముగిసినదని వారు తలంపలేదు. పీఠమున కూర్చుండువారిని తీర్చిదిద్దు చోటు ఎక్కడ నున్నదను ప్రశ్న వారిని వెంటాడెను.

ఆ ప్రశ్న విలువ తెలియవలెనన్న కల్యాణ చరిత్రను తలపోయవలెను. పన్నెండవ శతాబ్దమున బసవేశ్వరుడు బిజ్జలుని మంత్రిగా నుండి, అనుభవమంటపమున సకల వృత్తులవారిని సమానాసనమున కూర్చుండబెట్టెను. హరళయ్య కుమారునకును మధువరసు కుమార్తెకును జరిగిన వివాహము రాజాగ్రహమునకు గురియయ్యెను. 1167 ప్రాంతమున కల్యాణము కల్లోలమైనది. శరణులు చెల్లాచెదరైరి. చెన్నబసవేశ్వరుని వెంట కొందరు ఉళివికి తరలిరి. నగరము చేజారినను ధర్మము మాత్రము నశింపలేదు. ఏల? చాకలియైన మాచయ్య, పడవ నడుపు చౌడయ్య, చెప్పులు కుట్టు హరళయ్య మున్నగువారు ప్రతియొక్కరును అనుభావమున పండినవారు. జ్ఞానము ఒక్క సింహాసనమునందో, ఒక్క భవనమునందో బంధింపబడి యుండలేదు. మన తెలుగునాట పాల్కురికి సోమనాథుడు ద్విపదలో బసవపురాణమును రచించుటయు, దానిని భీమకవి 1369లో కన్నడీకరించుటయు ఈ సత్యమునకే సాక్ష్యములు.

కుమార స్వాములవారి కాలమునకు స్థితి తారుమారయ్యెను. మఠములు పెక్కు కలవు. భూములును, భక్తుల గౌరవమును కలవు. కాని రేపు పీఠమెక్కవలసిన బాలునకు శాస్త్రమును, యోగమును, లోకజ్ఞానమును క్రమముగా నేర్పు ఏర్పాటు కొరవడెను. కల్యాణమున నగరము పోయి మనుష్యులు మిగిలిరి. ఇచ్చట భవనములు మిగిలి మనుష్యులు కొరవడు ప్రమాదము సంభవించినది.

దీనికి స్వామివారు రెండు ప్రయత్నములు గావించిరి. మొదటిది గృహస్థులను కూడగట్టుట. 1904లో ధారవాడయందు అఖిల భారత వీరశైవ మహాసభ వారి ప్రేరణచే నేర్పడెను. ఆ సభకు సిరసంగి లింగరాజ దేశాయిగారు అధ్యక్షత వహించిరి. 1906లో లింగైక్యులైన ఆ దాత తమ ఆస్తిని సమాజమందలి బాలుర విద్యకై వ్రాసియిచ్చిరి.

రెండవది శివయోగ మందిరము. 1909లో బాదామికి చేరువను మలప్రభా నదీతీరమున దీనిని స్థాపించిరి. ఈ మలప్రభయే ముందుకు సాగి కూడలసంగమమున కృష్ణలో కలియును. ఆ కృష్ణయే మన శ్రీశైలము చెంతకు వచ్చును. మందిరమున వటువులకును, సాధకులకును ఇష్టలింగపూజ, యోగము, సంస్కృతము, కన్నడము, సంగీతము నేర్పు ఏర్పాటు జరిగెను. గోశాల వెలసెను. విభూతి తయారీ సాగెను. తాటాకు గ్రంథములు సేకరింపబడెను. దీని పోషణకై స్వామివారు జోలె పట్టి ఊరూర సంచరించిరి. అచ్చట శిక్షణ పొందిన పలువురు పిమ్మట కర్ణాటకమందలి మఠములకు అధిపతులైరి.

స్వామివారి దూరదృష్టికి మరియొక తార్కాణము కలదు. హానగల్లు ప్రాంతమందలి కాడశెట్టిహళ్ళి గ్రామమున గదిగెయ్య యను అంధబాలుడు 1892లో జన్మించెను. లోకము భారముగా తలంచు ఆ బాలునిలో స్వామివారు నాదమును గుర్తించి సంగీతశిక్షణ నిప్పించిరి. అతడే హిందుస్తానీ, కర్ణాటక సంగీతములు రెంటను దిట్టయైన పంచాక్షరి గవాయి. ఆయన గదగునందు వీరేశ్వర పుణ్యాశ్రమము ద్వారా అంధులకును, అనాథులకును విద్య నొసగెను. 1944లో ఆయన లింగైక్యమైన పిదప, అంధుడేయైన శిష్యుడు పుట్టరాజ గవాయి 2010 వరకు ఆ దీపము నారిపోనీయలేదు. ఒక్క గురువు చూపిన శ్రద్ధ మూడు తరములకు వెలుగైనది.

1930లో స్వామివారు లింగైక్యులైరి. వారు లేని శివయోగ మందిరము నిలిచియే యున్నది. నాయకుని సాఫల్యమునకు ఇంతకుమించిన పరీక్ష లేదు. తాను లేని దినమున తన కార్యము సాగవలెను.

మఠాధిపతులారా, సంఘ పెద్దలారా! కల్యాణ కథను ఏటేట బసవజయంతినాడు వినుచున్నాము. ఆ కథ మనకు అడుగు ప్రశ్నలను కూడ వినవలెను. మన పీఠములకు రేపటి వారసు లెవరు? వారికి నేడు ఏమి నేర్పుచున్నాము? మన ఇండ్లలోని తాటాకు గ్రంథములు ఎక్కడ నున్నవి? మన వీధిలో పేదరికమువలననో, అంగవైకల్యమువలననో మూలనుండిన బాలుని ప్రతిభను ఎవరు గుర్తించిరి? గృహిణులును, గృహస్థులును సైతము ఈ ప్రశ్నలకు బాధ్యులే. మఠమునకు వచ్చు ప్రతి వటువును మొదట ఒక తల్లి ఒడిలోని శిశువే కదా!

ఆపద వచ్చినపుడు నాయకుని వెదకుట ఆలస్యము. ఆపద రాకమునుపే పదుగురిని తీర్చుట వివేకము. కుమార శివయోగుల జీవితము మనకు బోధించు కాయకమిదియే.