వైల్డరు పెన్‌ఫీల్డు

మెదడునకు శస్త్రచికిత్స చేసి రోగము మాన్పిన వైద్యులు పెక్కుమంది కలరు. కాని తాము చేసిన మేలుతోపాటు దాని వెంట వచ్చిన కీడును గూడ గమనించి, దాని కారణము తెలియు వఱకు విశ్రమింపనివారు అరుదు. అట్టి వారిలో వైల్డరు పెన్‌ఫీల్డు ఒకడు.

పెన్‌ఫీల్డు 1891వ సంవత్సరము జనవరి 26వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని స్పోకేను పట్టణమున జన్మించెను. అతని తండ్రి వైద్యుడు. బాల్యముననే తల్లి బిడ్డలను వెంటబెట్టుకొని విస్కాన్సిను రాష్ట్రములోని హడ్సను అను ఊరు చేరి, అచట వారిని పెంచి పెద్దచేసెను. పెన్‌ఫీల్డు 1913లో ప్రిన్స్‌టను విశ్వవిద్యాలయమున పట్టభద్రుడై, పిదప విద్యార్థి వేతనమును పొంది ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డునకు వెళ్లెను. అచట నాడీమండల శాస్త్రజ్ఞుడగు షెరింగ్టను అతనికి గురువయ్యెను. మెదడు ఇంకను మానవుడు సరిగా చూడని దేశము వంటిదని ఆ గురువు సన్నిధిని అతనికి తోచెను. 1916లో ఇంగ్లీషు కాలువను దాటుచుండగా అతడెక్కిన ఓడను జర్మను జలాంతర్గామి కొట్టెను. పెన్‌ఫీల్డు తీవ్రముగా గాయపడియు బ్రదికెను. 1918లో జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలో చదువు ముగించి వైద్యుడయ్యెను.

ఆ దినములలో అపస్మారము, అనగా మూర్ఛరోగము, జనులను మిక్కిలి బాధించుచుండెను. మెదడులో ఒకచోట పుట్టిన విద్యుత్సంచలనము హద్దు మీరి వ్యాపించినప్పుడు రోగి స్పృహ తప్పును. కాళ్లు చేతులు కొట్టుకొనును. మందులచే లొంగని మూర్ఛకు మూలమైన భాగమును కనుగొని తొలగించినచో రోగము మానవచ్చునని పెన్‌ఫీల్డు తలచెను. 1928లో జర్మను దేశమునకు పోయి ఫోర్‌స్టరు అను వైద్యుని యొద్ద ఆ విద్య నేర్చి, అదే సంవత్సరమున కెనడాలోని మాంట్రియలు నగరమున స్థిరపడెను.

ఆ యేడే అతనికొక కఠిన పరీక్ష యెదురయ్యెను. అతని అక్క రూతు చిరకాలముగా మూర్ఛలచే బాధపడుచుండెను. ఆమె మెదడులో కంతి పెరిగియున్నట్లు తేలెను. ఆరుగురు బిడ్డల తల్లియగు ఆమెకు తమ్ముడే శస్త్రచికిత్స చేసి, నుదుటి వెనుక కుడివైపున నున్న మెదడు భాగమును చాలవఱకు తీసివేసెను. ఆమె కోలుకొని యింటికి చేరెను. మాటలో గాని, ప్రేమలో గాని లోపము కనబడలేదు. సుమారు పదునైదు నెలలు గడచిన పిమ్మట, ఒక అతిథికిని, ఇంటి నలుగురికిని ఆమె విందు చేయదలచెను. వేళ అయ్యెను. కావలసిన సరకులన్నియు వంటయింట సిద్ధముగా నుండెను. ఒకటి రెండు పదార్థములు పొయ్యిమీద నుండెను, తక్కినవి మొదలుపెట్టబడలేదు. ఏది ముందు, ఏది వెనుక చేయవలెనో తెలియక ఆమె కలతపడి నిలిచియుండెను. దీనిని చూచి పెన్‌ఫీల్డు అలసటయని త్రోసిపుచ్చలేదు. శస్త్రచికిత్స వలన పోయినదేమో కనుగొనుటకు ఆస్పత్రిలోని పరీక్షలు చాలవనియు, రోగి ఇంటిలో ఎట్లు మెలగుచున్నదో చూడవలెననియు ఆనాడతడు గ్రహించెను. రూతు 1931లో మరణించెను. ఆమెయందు కనబడిన మార్పును అతడు దాచక, వైద్యలోకమునకు తెలియునట్లు ప్రకటించెను.

1934లో రాక్‌ఫెల్లరు సంస్థ విరాళముతో మాంట్రియలు నాడీవైద్య సంస్థ వెలసెను. పెన్‌ఫీల్డు దానికి అధ్యక్షుడయ్యెను. మెదడునకు నొప్పి తెలియదు. కావున తలచర్మమునకు మాత్రము మత్తుమందిచ్చి, రోగి మెలకువగా నుండగనే అతడు శస్త్రచికిత్స చేయుచుండెను. సన్నని విద్యుత్తీగతో మెదడును అచ్చటచ్చట తాకి, వ్రేలు కదలినదో, మాట ఆగినదో రోగినే అడిగి తెలిసికొనుచు, ఆయా చోట్ల అంకెల చీటీలు ఉంచుచుండెను. ఈ విధముగా మాటకును, కదలికకును ఆధారమైన చోట్లను విడిచి, రోగమునకు మూలమైన చోటునే తొలగింప గలిగెను.

కణతల వైపున నున్న మెదడు భాగమును ఒక ప్రక్క తీసివేయుట వలన పెక్కుమందికి మూర్ఛలు తగ్గెను; జ్ఞాపకశక్తికి పెద్ద హాని కలుగలేదు. కాని 1951లో ఒక ఇంజనీరునకు ఎడమవైపున అట్టి చికిత్స చేయగా విపరీతము జరిగెను. అతని బుద్ధి చెడలేదు. పాత సంగతులు చాలవఱకు నిలిచెను. క్రొత్త సంగతి మాత్రము మనస్సు మరలినంతనే మాసిపోవుచుండెను. తన జ్ఞాపకశక్తిని ఏమి చేసితిరని అతడు వైద్యులను నిలదీసెను. మరుసటి యేడు చేతితొడుగులు కత్తిరించు పనివానికి గూడ ఇట్లే జరిగెను. ఆ సంస్థలో పరిశోధించుచున్న బ్రెండా మిల్నరు అను మనశ్శాస్త్రజ్ఞురాలు వారిని ఓపికతో పరీక్షించెను. కణత లోపల సముద్రాశ్వమను చేప వంటి ఆకారము గల హిప్పోకాంపసు రెండు ప్రక్కల నుండును. వీరికి రెండవ ప్రక్కది ముందే చెడియుండవలెననియు, మంచిదానిని తాము తొలగించుటచే ఏ ఆధారమును లేకపోయినదనియు పెన్‌ఫీల్డు, మిల్నరు ఊహించిరి. 1955లో ఈ సంగతిని తోడి వైద్యుల యెదుట బయలుపరచిరి.

అది తెలిసిన స్కోవిలు అను శస్త్రవైద్యుడు, తాను 1953లో రెండు ప్రక్కలను తీసివేసిన హెన్రీ మొలైసను అను రోగి సంగతిని పెన్‌ఫీల్డునకు తెలిపెను. మిల్నరు పోయి అతనిని పరీక్షించెను. ఆ యువకుని కుటుంబము ఇల్లు మారియుండెను. పాత ఇంటి చిరునామా అతనికి బాగుగా జ్ఞాపకముండెను గాని క్రొత్తది పట్టుబడలేదు. ఒంటరిగా ఇల్లు చేరలేకుండెను. నిన్న వాడిన గడ్డికోత యంత్రము ఎక్కడ నున్నదో నేడు తల్లి చెప్పవలసియుండెను. కాలమును, చోటును మనస్సునకు కట్టియుంచునది ఈ చిన్న అవయవమేయని లోకమునకు తెలియుటకు అది ఆరంభము. ఎడమ ప్రక్క మాటల జ్ఞాపకమునకును, కుడి ప్రక్క త్రోవల, చోట్ల జ్ఞాపకమునకును ముఖ్యములని మిల్నరు అటుపిమ్మట చూపెను. శస్త్రచికిత్సకు ముందే ఒక్కొక ప్రక్కను కొలది నిమిషములు నిద్రపుచ్చి, రెండవది జ్ఞాపకమును మోయగలదో లేదో చూచు పరీక్షను మాంట్రియలులో చేయసాగిరి. ఈ పరీక్షకు మూలపురుషుడు వాడా అను జపాను వైద్యుడు.

1964లో ఆ ఇంజనీరు మరణించెను. అతని మెదడును పరీక్షింపగా, శస్త్రము తాకని కుడి హిప్పోకాంపసు ముడుచుకొని చెడియున్నట్లు కనబడెను. పూర్వపు ఊహ నిజమయ్యెను. పెన్‌ఫీల్డు 83 ఏండ్ల వయస్సున, 1974లో, ఆ వివరములను ప్రకటించెను. చికిత్స జరిగి అప్పటికి ఇరువది మూడేండ్లు గడచెను. 1976 ఏప్రిలు 5వ తేదీన అతడు మాంట్రియలులో కన్నుమూసెను.

మూర్ఛరోగులకు నేటికిని ఇట్టి శస్త్రచికిత్సలు జరుగుచున్నవి. వాని వలన మేలు పొందినవారు అనేకులు. చికిత్సకు ముందును, పిదపను రోగి జ్ఞాపకశక్తిని వైద్యులు పరీక్షింతురు. నీకేమి మారినదని రోగిని అడుగుదురు. తన వలన జరిగిన నష్టమును దాచక పరిశోధించిన పెన్‌ఫీల్డు సత్యనిష్ఠ ఈ జాగ్రత్తకు ఒక మూలము.