జాన్ కెమెనీ

జాన్ జార్జ్ కెమెనీ (మే 31, 1926 - డిసెంబర్ 26, 1992) హంగేరీలో జన్మించిన అమెరికా గణిత శాస్త్రవేత్త, విద్యావేత్త. థామస్ కర్ట్జ్‌తో కలిసి 1964లో బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషను, డార్ట్‌మత్ టైమ్ షేరింగ్ వ్యవస్థను రూపొందించిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. ఒకే శక్తివంతమైన కంప్యూటర్‌ను అనేకమంది ఒకే సమయంలో, ఎవరికి వారు అది తమ సొంతమే అన్నట్లుగా వాడుకొనే పద్ధతిని టైమ్ షేరింగ్ అంటారు. ఈ పద్ధతిపై ఇతర చోట్ల అంతకు ముందే ప్రయోగాలు జరిగినప్పటికీ, దానిని తరగతి గదికి తీసుకువచ్చి, సాహిత్యం, చరిత్ర చదివే విద్యార్థులకు కూడా కంప్యూటర్‌ను అందుబాటులోకి తెచ్చిన ఘనత వీరిద్దరికీ దక్కుతుంది. కెమెనీ 1970 నుండి 1981 వరకు డార్ట్‌మత్ కళాశాలకు 13వ అధ్యక్షుడిగా పనిచేశాడు. 1979లో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్ర ప్రమాదంపై నియమించిన విచారణ సంఘానికి కూడా అధ్యక్షత వహించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

కెమెనీ హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. ఆ దేశంలో యూదులపై ఆంక్షలు పెరుగుతున్న రోజులవి. రాబోయే ప్రమాదాన్ని గ్రహించిన తండ్రి 1938లో ఒంటరిగా అమెరికా వెళ్ళి, 1940లో భార్యాబిడ్డలను కూడా అక్కడికి రప్పించుకున్నాడు. తాత మాత్రం స్వదేశాన్ని వదలి రావడానికి అంగీకరించలేదు. ఆయనతో పాటు మరికొందరు దగ్గరి బంధువులు నాజీల మారణహోమంలో ప్రాణాలు కోల్పోయారు.

పదమూడేళ్ళ వయసులో న్యూయార్క్ చేరిన కెమెనీ జార్జ్ వాషింగ్టన్ ఉన్నత పాఠశాలలో చేరాడు. కొత్త దేశంలో, కొత్త భాషలో చదువు కొనసాగించి, మూడేళ్ళలోనే తన తరగతిలో ప్రథముడిగా ఉత్తీర్ణుడయ్యాడు. 1943లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించి గణితం, తత్వశాస్త్రం అభ్యసించాడు. తర్కశాస్త్రంలో ప్రముఖుడైన అలొంజో చర్చ్ పర్యవేక్షణలో పరిశోధన చేసి, 1949లో 23 ఏళ్ళ వయసులో డాక్టరేట్ పొందాడు. పరిశోధక విద్యార్థిగా ఉన్న కాలంలోనే ఆల్బర్ట్ ఐన్‌స్టీన్‌కు గణిత సహాయకుడిగా పనిచేశాడు. 1950లో జీన్ అలెగ్జాండర్‌ను వివాహమాడాడు. వీరికి ఇద్దరు సంతానం.

లాస్ అలమోస్ అనుభవం

ప్రిన్స్‌టన్‌లో చదువుతుండగానే కెమెనీని సైన్యంలోకి తీసుకొని, 1945లో న్యూ మెక్సికో రాష్ట్రంలోని లాస్ అలమోస్‌కు పంపారు. అణుబాంబు తయారీకి సంబంధించిన గణనలు అక్కడ జరిగేవి. కెమెనీ పనిచేసిన విభాగానికి పర్యవేక్షకుడు రిచర్డ్ ఫైన్‌మన్. నేటి అర్థంలో కంప్యూటర్ అనదగినది అప్పుడు అక్కడ లేదు. లెక్కల పద్దుల కోసం తయారైన ఐబీఎం పంచ్ కార్డు యంత్రాలను వరుసగా అమర్చి, రాత్రింబవళ్ళు నడిపించేవారు. కార్డుల కట్టలను ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి చేతులతో మోసుకువెళ్ళవలసి వచ్చేది. ఒక్క సమస్యకు సమాధానం రావడానికి సుమారు మూడు వారాలు పట్టేది.

ప్రోగ్రామును తనలోనే దాచుకొని నడిచే యంత్రం ఎలా ఉంటుందో జాన్ వాన్ నాయ్‌మన్ వివరించగా కెమెనీ విన్నది కూడా లాస్ అలమోస్‌లోనే. లాస్ అలమోస్‌లో తామందరూ ఏడాది పాటు చేసిన పనిని, ఒక డార్ట్‌మత్ విద్యార్థి ఒక్క మధ్యాహ్నంలో, అదీ మరో వందమంది అదే కంప్యూటర్‌ను వాడుకుంటూ ఉండగా చేయగలడని ఈయన తరువాతి కాలంలో పేర్కొన్నాడు.

డార్ట్‌మత్‌లో అధ్యాపకుడిగా

న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని హానోవర్ అనే చిన్న పట్టణంలో డార్ట్‌మత్ కళాశాల ఉంది. కెమెనీ 1953లో ఇక్కడి గణిత విభాగంలో చేరి, 1955లో ఆ విభాగానికి అధిపతి అయ్యాడు. 1967 వరకు ఆ బాధ్యతలో కొనసాగాడు. లారీ స్నెల్, జెరాల్డ్ థాంప్సన్‌లతో కలిసి ఈయన రచించిన పరిమిత గణిత పాఠ్యగ్రంథం కళాశాలలలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. స్నెల్‌తో కలిసి మార్కోవ్ శృంఖలాలపై 1960లో మరొక గ్రంథం వెలువరించాడు.

గణాంక శాస్త్రవేత్త అయిన థామస్ కర్ట్జ్ 1956లో డార్ట్‌మత్‌లో చేరాడు. అప్పటికి కళాశాలలో కంప్యూటర్ లేదు. సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎంఐటీ)లోని యంత్రాన్ని వాడుకోవడానికి కర్ట్జ్ పంచ్ కార్డుల పెట్టెతో రైలులో ప్రయాణించేవాడు. కార్డులను నిర్వాహకులకు అప్పగించి, తన వంతు వచ్చి ఫలితం అచ్చు అయ్యేవరకు వేచి ఉండాలి. ఒక్క అక్షరం తప్పు పడినా మళ్ళీ మొదటికి వచ్చేది. ఈ పద్ధతిలో ఖరీదైన యంత్రం క్షణం కూడా ఖాళీగా ఉండదు గానీ, మనిషి కాలం మాత్రం వృథా అవుతుంది. విద్యార్థులకైతే ఆ అవకాశం కూడా లేదు.

1959లో డార్ట్‌మత్‌కు ఎల్‌జీపీ-30 అనే చిన్న కంప్యూటర్ వచ్చింది. దానిని విద్యార్థుల చేతికి ఇచ్చి చూడగా, వారు అధ్యాపకుల అంచనాలను మించి పనిచేశారు. డార్ట్‌మత్ విద్యార్థులలో విజ్ఞాన, ఇంజనీరింగ్ శాస్త్రాలు చదివేవారు దాదాపు నాలుగింట ఒక వంతు మాత్రమే. రేపు ప్రభుత్వాలను, వ్యాపార సంస్థలను నడిపించేది మిగిలినవారేనని, కంప్యూటర్ గురించి ఏమీ తెలియకుండా వారు దాని గురించి నిర్ణయాలు తీసుకోవడం ప్రమాదకరమని కెమెనీ భావించాడు. గ్రంథాలయంలో ఏ విద్యార్థి అయినా అనుమతి కోరకుండా పుస్తకం తీసుకొన్నట్లే కంప్యూటర్‌ను కూడా వాడుకోవాలన్నది ఈయన ఆశయం. అయితే అంతమందికి అన్ని యంత్రాలు కొనడం ఏ కళాశాలకూ సాధ్యం కాదు. గతంలో డార్ట్‌మత్‌లో పనిచేసి ఎంఐటీకి వెళ్ళిన జాన్ మెకార్తీ, టైమ్ షేరింగ్ చేపట్టమని కర్ట్జ్‌కు సూచించాడు. ఆ సూచన ఈ చిక్కుముడిని విప్పింది.

టైమ్ షేరింగ్ వ్యవస్థ

అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థ (నేషనల్ సైన్స్ ఫౌండేషన్) ఆర్థిక సహాయంతో 1964లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ వారి రెండు యంత్రాలు డార్ట్‌మత్‌కు వచ్చాయి. వాటిలో జీఈ-225 గణనలు చేసే యంత్రం, డేటానెట్-30 సమాచార వినిమయానికి ఉద్దేశించిన యంత్రం. వాటిని కలిపి పనిచేయించే ప్రోగ్రాములను వ్రాసినవారు ప్రధానంగా డిగ్రీ విద్యార్థులే. వారిలో జాన్ మెక్‌గీచీ, మైకేల్ బుష్ ముఖ్యులు. 1964 మే 1న తెల్లవారుజామున 4 గంటలకు పక్కపక్కన ఉన్న రెండు టెలిటైపుల నుండి రెండు బేసిక్ ప్రోగ్రాములను ఒకేసారి నడిపించగా, రెండింటికీ సరైన సమాధానాలు వచ్చాయి. వ్యవస్థ ప్రారంభమైన క్షణంగా దీనిని పరిగణిస్తారు.

ఈ వ్యవస్థ పనిచేసే తీరును పంక్తి భోజనంతో పోల్చవచ్చు. వడ్డించే వ్యక్తి ఒక్కడే అయినా, ఒక్కొక్కరికి కొద్దికొద్దిగా వడ్డిస్తూ సాగిపోతాడు. మొదటి విస్తరిలోనిది పూర్తయ్యేలోగా మళ్ళీ అక్కడికి వస్తాడు. ఎవరికీ ఆకలితో ఎదురుచూస్తున్నట్లు అనిపించదు. అదేవిధంగా కంప్యూటర్ తన కాలాన్ని చిన్న చిన్న భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్కరి పనికి కేటాయిస్తుంది. మనిషి టైపు చేసే వేగం, ఆలోచించే వేగం యంత్రం వేగంతో పోలిస్తే చాలా తక్కువ కనుక, ప్రతి ఒక్కరికీ యంత్రమంతా తనదే అన్న భావన కలుగుతుంది.

టెలిటైపుల నుండి వచ్చే అక్షరాలను గమనించడం, ఎవరి వంతు ఎప్పుడో నిర్ణయించడం డేటానెట్-30 పని. అది అప్పగించిన ప్రోగ్రామును నడిపించడం జీఈ-225 పని. రెండింటికీ మధ్య ఉమ్మడిగా ఒక డిస్కు ఉండేది. విద్యార్థులు తమ ప్రోగ్రాములను పేరు పెట్టి ఆ డిస్కులో భద్రపరచుకొనేవారు. విద్యార్థుల ప్రోగ్రాములలో అధిక భాగం చిన్నవని, కొద్ది సెకన్లలో ముగుస్తాయని కెమెనీ, కర్ట్జ్ గుర్తించారు. చిన్న పనులను ముందుగా పూర్తిచేస్తే పెద్ద పనులకు కలిగే జాప్యం స్వల్పమే గానీ, ఎక్కువమందికి వెంటనే జవాబు దొరుకుతుంది. ఉమ్మడి వాడకంలో ఒక లోపం కూడా ఉంది. నడిపించే యంత్రం ఆగిపోతే అందరి పనీ ఒకేసారి ఆగిపోతుంది.

బేసిక్ భాష

అప్పటికి వాడుకలో ఉన్న ఫోర్ట్రాన్, ఆల్గాల్ భాషలు నిపుణుల కోసం ఏర్పడినవి. కొద్ది గంటలలో నేర్చుకోదగిన భాష కావాలని కెమెనీ పట్టుబట్టాడు. బేసిక్ మొదటి రూపంలో ఆదేశాలు దాదాపు పదిహేను మాత్రమే. లెట్, ప్రింట్, ఇఫ్, రీడ్ వంటి నిత్యవ్యవహారంలోని ఇంగ్లీషు మాటలనే ఆదేశాలుగా తీసుకున్నారు. ప్రతి పంక్తికి ముందు ఒక సంఖ్య ఉంటుంది. ఏదైనా పంక్తిని సరిదిద్దాలంటే అదే సంఖ్యతో మళ్ళీ టైపు చేస్తే చాలు. విద్యార్థి హలో అని టైపు చేసి వ్యవస్థలోకి ప్రవేశించి, రన్ అని టైపు చేసి ప్రోగ్రామును నడిపించేవాడు. బేసిక్ మొదటి కంపైలర్‌ను వ్రాసే పనిలో కెమెనీ స్వయంగా పాల్గొన్నాడు.

డార్ట్‌మత్ విద్యార్థులు కంప్యూటర్ వాడకానికి రుసుము చెల్లించనవసరం లేదు. గణితం చదివే ప్రథమ సంవత్సరం విద్యార్థులు ప్రోగ్రాములు వ్రాయడం పాఠంలో భాగమైంది. కొద్ది సంవత్సరాలలోనే కళాశాల విద్యార్థులలో అత్యధికులు కంప్యూటర్ వాడడం నేర్చుకున్నారు. 1966లో కీవిట్ గణన కేంద్రం ప్రారంభమైంది. టెలిఫోన్ తీగల ద్వారా న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలోని పలు పాఠశాలలు, కళాశాలలు డార్ట్‌మత్ యంత్రానికి అనుసంధానమయ్యాయి. భాషను ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవడానికి వీలు కల్పించడంతో అది త్వరగా వ్యాపించింది.

బేసిక్‌పై విమర్శలు కూడా వచ్చాయి. ముఖ్యంగా ఎడ్జర్ డైక్‌స్ట్రా, ఈ భాషతో మొదలుపెట్టినవారికి క్రమబద్ధమైన ప్రోగ్రామింగ్ అలవడదని తీవ్రంగా ఆక్షేపించాడు. వివిధ సంస్థలు తమకు తోచినట్లు మార్చిన రూపాలు భాషను పాడుచేశాయని కెమెనీ, కర్ట్జ్ అభిప్రాయపడ్డారు. లోపాలను సవరించి 1980లలో ట్రూ బేసిక్ అనే కొత్త రూపాన్ని తమ సంస్థ ద్వారా విడుదల చేశారు.

ఇంటింటికీ కంప్యూటర్

1972లో ప్రచురించిన మాన్ అండ్ ది కంప్యూటర్ అనే గ్రంథంలో, 1990 నాటికి ఇళ్ళలో టెర్మినళ్ళు ఉంటాయని, దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్లను కుటుంబాలు వాటి ద్వారా పంచుకుంటాయని కెమెనీ ఊహించాడు. చరిత్ర కొంత వేరుగా నడిచింది. 1975లో ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటర్ కోసం బిల్ గేట్స్, పాల్ అలెన్ బేసిక్ రూపాన్ని తయారుచేశారు. గేట్స్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నది 1968లో, తన పాఠశాలలో ఉన్న టైమ్ షేరింగ్ టెర్మినల్‌పైనే. తరువాత వచ్చిన గృహ కంప్యూటర్లలో అనేకం బేసిక్‌తోనే వచ్చాయి. భారతదేశంలో 1984లో పాఠశాలల కోసం ప్రారంభమైన క్లాస్ పథకంలో వాడిన బీబీసీ కంప్యూటర్ల భాష కూడా బేసిక్ రూపాంతరమే. యంత్రాల ధరలు తగ్గడంతో పంచుకోవలసిన అవసరం కొంతకాలం తగ్గినట్లు కనిపించింది. అయితే అంతర్జాలం విస్తరించిన తరువాత, దూరాన ఉన్న యంత్రాలను కోట్లమంది ఏకకాలంలో వాడుకోవడం మళ్ళీ సర్వసాధారణమైంది.

కళాశాల అధ్యక్షుడిగా

1970లో కెమెనీ డార్ట్‌మత్ అధ్యక్ష పదవిని చేపట్టాడు. అప్పటివరకు పురుషులకే పరిమితమైన ఆ కళాశాలలో 1972 నుండి స్త్రీలకు డిగ్రీ ప్రవేశం లభించింది. పూర్వవిద్యార్థులలో కొందరి వ్యతిరేకతను ఎదుర్కొని ఈయన ఈ మార్పును సాధించాడు. 1769లో స్థాపించిన నాడు అమెరికా మూలవాసులకు విద్య నేర్పడం కళాశాల ప్రకటిత లక్ష్యాలలో ఒకటి. చాలాకాలం మరుగున పడిన ఆ వాగ్దానాన్ని గుర్తుచేసి, మూలవాసి విద్యార్థుల ప్రవేశాన్ని ప్రోత్సహించాడు. అధ్యక్షుడిగా ఉన్న కాలంలో కూడా తరగతులలో పాఠాలు చెప్పడం మానలేదు.

త్రీ మైల్ ఐలాండ్ విచారణ

1979 మార్చి 28న పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ నియమించిన 12 మంది సభ్యుల సంఘానికి కెమెనీ నాయకత్వం వహించి, అదే ఏడాది అక్టోబర్‌లో నివేదిక సమర్పించాడు. పరికరాల వైఫల్యం కన్నా, పనివారి శిక్షణలోను, నిర్వహణ, నియంత్రణ సంస్థల ధోరణిలోను ఉన్న లోపాలే ప్రధానమని సంఘం తేల్చింది. ప్రమాదం మొదలైన కొద్ది నిమిషాలలోనే నియంత్రణ గదిలో వందకు పైగా హెచ్చరికలు ఒకేసారి మోగి, పనివారిని అయోమయంలో పడవేశాయి. యంత్రం మనిషికి అర్థమయ్యేలా ఉండాలన్న కెమెనీ పాత విశ్వాసానికి ఈ విచారణ మరొక కోణంలో బలం చేకూర్చింది.

మరణం, స్మృతి

1981లో అధ్యక్ష పదవి నుండి వైదొలగి, కెమెనీ తిరిగి పూర్తికాలపు అధ్యాపకుడయ్యాడు. 1992 డిసెంబర్ 26న న్యూ హాంప్‌షైర్‌లో గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఈయన వయసు 66 సంవత్సరాలు. డార్ట్‌మత్‌లో గణిత విభాగం ఉన్న భవనానికి కెమెనీ హాల్ అని పేరు పెట్టారు. సహచరుడు కర్ట్జ్ 2024లో మరణించాడు. పంచ్ కార్డుల పెట్టెతో రైలులో మొదలైన ఆ ప్రయాణం, కంప్యూటర్ అంటే భయపడని ఒక తరాన్ని తయారుచేసింది.